తలుపు సినిమాకు ముందటి కథ

ఆటో నిండుతలేదు. నిండితె గాని తీయనని ఆ డ్రైవరు మొండికేసిండు, "బొల్లారం, బొల్లారం" అని ఒర్లుకుంట టాకీసు గేటు దాక పోతడు, మల్ల వస్తడు. నేను ఎన్క సీట్ల మూలకు ఒదిగి సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న, కాలు ఊకుంటలేదు, ఆడుతనే ఉన్నది, పక్కన ఉల్లిగడ్డల మూటతోని కూసున్నామె "ఏందమ్మా గట్ల కదులుతవు, పానం మంచిగ లేదా" అనడిగింది. మంచిగనే ఉంది బిడ్డా, సినిమా సూసొచ్చిన అన్న. ఆమె నా మొకం సూసి, నా నెరిసిన తల సూసి, "దేవుని సినిమానా" అన్నది. కాదు, పురుగు సినిమా, ఆకాశంల ఒక ఓడ పోతది, అండ్ల ఒక పురుగు జొర్రి మనుషులను ఒక్కొక్కరినే మింగుతది అన్న. ఇగ ఆమె మూటను జెర అవుతలికి గుంజుకున్నది. గుంజుకోని. దేవుని సినిమాలకు పొయ్యేటోళ్లు శానమంది ఉన్నరు, నాకు సిన్నప్పటి సంది భయపెట్టే బుగులు ముచ్చట్లంటెనే పావురం, అండ్ల సిగ్గేంది. కాని ఇయ్యాల నా పరేషాన్ పురుగుతోని కాదు. ఇంటికాడ కనకమహాలక్ష్మి వదినె మంచం మీద మోకాళ్లకు నూనె రాసుకుంట ఎదురుసూస్తుంటది. పొద్దుగాల నేను చీర కట్టుకుంటుంటె తలుపు కాడ, గల్మల నిలబడి, "నా మోకాళ్లు ఆ మెట్లు ఎక్కనివ్వవు, నువ్వు చూసి రా వదినా, మిగతాదంతా ఎట్లా ఉన్నా సరే, ఆ తలుపు ఎవరు వేశారో అదొక్కటి చూసి రా" అన్నది. సూసిన. ఎవరేసిన్రో కండ్లార సూసిన. ఇప్పుడు ఈ ఆటో జల్దీ నిండాలె అనిపిస్తుంది, ఎన్నటికి నిండకుంటె బాగుండు అని కూడ అనిపిస్తుంది.

మొదటి సినిమా వచ్చినప్పుడు వదినె మోకాళ్లు మంచిగనే ఉండె, మా ఇంటాయన పెంటయ్య బతికుండె, ఆమె పెనిమిటి వెంకటేశ్వరరావు సారు కూడ బతికుండె. గోదావరి దిక్కు నుంచి పెద్ద ఫ్యాక్టరీల నౌకరికి వచ్చిన్రు వాళ్లు, క్వార్టరు దొరికే దాక అని మా పక్క పోర్షన్ల కిరాయికి దిగి, క్వార్టరు దొరికినంక కూడ పోలే. నా కూరల కారం నిప్పులెక్క ఉంటదని ఆమె, పులుసుల బెల్లం ఏసుడేందని నేను, కొట్లాడుకుంటనే గిన్నెలు మార్సుకునేది, సుట్టరికం లేకున్నా వదినె వరస కలుపుకున్నం. ఆ సినిమాకు మమ్ములను తోలుకపోయింది పిలగాండ్లే, నా కొడుకు యాదగిరి, ఆమె కొడుకు సూరిబాబు. ఇద్దరికి అప్పుడప్పుడే మీసాలు మొలుస్తున్నయి. "అత్తా, భయమేస్తే నా చెయ్యి పట్టుకో, అరిచావంటే మాత్రం నువ్వెవరో నాకు తెలీదు" అన్నడు సూరి. ఆ సినిమాల ఏముండె, ఒక ఓడ ఉత్తగ ఆకాశంల తిరుగుతుంటది, అండ్ల అందరు సచ్చి ఉంటరు, ఇంకో ఓడోళ్లు వచ్చి లోపటికి పోయి సూస్తరు, తింటున్న తిండి బల్ల మీద అట్లనే ఉంటది, ఎర్ర టోపి ఒకటి కింద పడి ఉంటది, ఇనుప తలుపు ఒకటి, దాని చక్రం గట్టిగ బిగిచ్చి ఉంటది. ఆ తలుపు తీస్తరు సూడు, ఒక సెయ్యి, ఉంగరం పెట్టుకున్న సెయ్యి, లోపటి నుంచి తలుపును తడుముకుంట తడుముకుంట ఆగిపోయిన సెయ్యి. సరిగ్గ అప్పుడే సూరి సల్లటి సోడా సీస తెచ్చి నా మెడకు పెట్టిండు. నా కేకకు టాకీసంత అదిరింది, ఎన్కటి బెంచీలోళ్లు ఈలలేసిన్రు, సూరి నిజంగనే నేనెవరో తెల్వనట్టు అటు మొకం పెట్టిండు, వదినె వాని తొడ మీద గిచ్చింది.

ఆ దినం సంది మాకు అదే ముచ్చట. సినిమా అసలు పేరు మా నోట్లె తిరగకపాయె, తలుపు సినిమా అని మేమే పెట్టుకున్నం. మా బస్తిల రివాజేందంటె ఒకరు టాకీసుకు పోయొస్తె, పోనోళ్లందరికి కథ సెప్పాలె, బియ్యంల రాళ్లు ఏరుకుంట, మెంతికూర తెంపుకుంట, ఇంట్రవెల్ దాక ఒక పూట, ఇంట్రవెల్ అయినంకది ఇంకో పూట. ఒక్కతాపనే అంత సెప్తె మర్యాద కాదు, ఇనేటోళ్లు కూడ ఊకోరు, రేపు మల్ల వస్తం అని లేస్తరు. తలుపు సినిమాను నేను ఎన్నితాపల సెప్పిన్నో నాకే తెల్వదు. సెప్పినప్పుడల్ల ఒకటే పంచాది, ఆ తలుపు ఏసింది ఎవరు? బయట నుంచి ఏసిన్రని వదినె, "చక్రం బయటే కదా వదినా ఉంది, పాపం వాణ్ణి పెట్టి వేసేశారు" అంటుండె. సూరి తువ్వాలతోని తల తుడుసుకుంట వచ్చి, "కాదమ్మా, వాడే వేసుకున్నాడు, నేనైతే నేనే వేసుకుంటా, మిగతా వాళ్లైనా బతుకుతారు కదా" అంటుండె. "నోర్ముయ్, అన్నీ పిచ్చి మాటలే" అని వదినె కసురుతుండె. మా యాదగిరి ఏమనకపోతుండె, వాడు ఎప్పటికి తక్కువ మాటలోడే, గోడకు ఆనుకొని పల్లికాయలు ఒలుసుకుంట నవ్వుతుండె, వాడు ఒలిసినయి సూరి తింటుండె.

ఆటోల ఇంకొకడు ఎక్కిండు. కంపెనీ బట్టల మీదనే ఉన్నడు, మందుల వాసన, ఆ వాసనకు నా ముక్కు దానంతల అదే మూసుకుంటది, ఇన్నేండ్లయినా. డ్రైవరు "జెర జరుగున్రి, ఇంకిద్దరు పడతరు" అంటున్నడు, ఏడ పడతరు, మా తలల మీదనా.

ఇప్పుడు ఇన్నేండ్లకు గోడ మీద మల్ల ఆ ఓడ బొమ్మ పడ్డది. పోస్టరు అతికిచ్చేటాయన ఐలన్నను పట్టుకొని అడిగిన, ఇది అటెన్కటి కథనా అని. "కాదు పెద్దమ్మా, ఇది ముందటిది. ఓడల అందరు సావకముందు ఏమైందో సూపిస్తడు" అన్నడు. మా బస్తిల ఎవ్వరికి ఇది ఎక్కలే. సచ్చినోళ్లు మల్ల ఎట్ల లేసిన్రు అంటది సత్తెమ్మ, సచ్చేటోళ్లని తెలిసినంక పైసలు పెట్టి ఎవడు సూస్తడు అంటది. నేను మాత్రం ఐలన్న మాట ఇన్న కాడ్నే ఇంటి దిక్కు మర్రిన. సావకముందు. వదినెకు సెప్తె ఆమె సేతుల పళ్లెం కింద పెట్టింది. "అయితే తలుపు సంగతి తేలుస్తాడన్నమాట" అన్నది. ఇగ నాకు ఆ మాట ఉత్త సినిమా మాటలెక్క ఇనపడలే.

పొయ్యి కూసున్న. లోపట అంత పోరగాండ్లే, ఆడోళ్ల దిక్కు నేను ఒక్కదాన్నే. మొదటిదాని కంటె ఇది మంచిగున్నదా అంటె నేను మంచిగుందనను. మొదటిదాంట్ల పురుగును సూపియ్యనే సూపియ్యలే, సప్పుడే, పైపుల నుంచి కారుడే, అది ఎట్లుంటదో మనమే మనసుల తయారు సేసుకునేది, రాతిరి లేసి నీళ్లు తాగాల్నంటె భయమేసేది. ఇప్పుడు కంప్యూటరుతోని దాని కాళ్లు, పండ్లు, తోక అంత సూపిచ్చిండు, బర్రెకు సుట్టుకున్న జలగలెక్క ఉన్నది, దానికేం భయపడతం. ఇంకోటి, మొదటిదాంట్ల ఆ తలుపు చక్రం కుడిదిక్కు ఉండె, ఇండ్ల ఎడమదిక్కు పెట్టిన్రు, ఇంత పైసలు పెట్టి తీసినోళ్లు పాత సినిమాను ఒక్కతాప సూసుకోవద్దా? ఓడోళ్లందరితోని తెలుగుల మాట్లాడిచ్చిన్రు, వార్తలు సదివినట్టు, "కెప్టెన్, మనం ప్రమాదంలో ఉన్నాం" అంట, ప్రమాదంల ఉన్నోడు గట్ల మాట్లాడుతడా. కాని మొదటి సగం, అబ్బ, ఆ మొదటి సగం. పురుగు ఇంకా రాదు. ఓడోళ్లు ఊకె తింటరు, నవ్వుతరు. ఎర్ర టోపి ఉన్నది సూడు, ఆ టోపి ఒక పిలగానిది, ఆ ఉంగరం సెయ్యి వానిదే, మొదటిదాంట్ల ఉత్త సెయ్యి, ఇండ్ల దానికి మొకం వచ్చింది, నవ్వు వచ్చింది. పొడుగోడు ఒకడు వాని సోపతి. ఎర్ర టోపోడు పొడుగోని పళ్లెంల నుంచి దొంగలిచ్చి తింటడు, పొడుగోడు వాని టోపి తీసి నెత్తి మీద కొడతడు, టాకీసంత పడి పడి నవ్వుతున్నరు, ఈలలేస్తున్నరు, నేను ఒక్కదాన్ని కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తున్న. వాళ్లకు ఎరక లేదు గదా. ఆ బల్ల మీద తిండి అట్లనే ఉండిపోతదని, ఆ టోపి కింద పడతదని నాకెరక. ముందటి సీటు పోరడు ఎన్కకు తిరిగి, "ఏందమ్మమ్మా, కామెడీకి ఏడుస్తున్నవు" అన్నడు. నీకేం తెల్వది బిడ్డా, నువ్వు సూడు అన్న.

ఇంగ్లీషోళ్ల సినిమాలకు ఇంట్రవెల్ ఉండదట, వాళ్లు ఒక్క బిగినే సూస్తరట. మన టాకీసుల ఆపరేటరు తనకు తోచిన కాడ ఆపుతడు, బయట మిరపకాయ బజ్జీలు కాగినంక ఆపుతడని అందరంటరు. ఇయ్యాల ఏడ ఆపిండో తెలుసా. లోపట పైపు పగిలింది, ఇంకోడు అండ్ల ఇరుక్కున్నడు, ఎర్ర టోపోడు వాన్ని గుంజుకొస్తనని ఆ ఇనుప తలుపు చక్రం మీద సెయ్యి ఏసి, పొడుగోని దిక్కు తిరిగి నవ్విండు. గంతే. లైట్లు ఎలిగినయి. వాని నవ్వు తెల్ల తెర మీద నుంచి ఎటు పోయిందో పోయింది. పోరగాండ్లు బజ్జీలకు ఉరికిన్రు. నేను లేవలే. అట్లనే లేసి ఇంటికి పోతె ఎంత మంచిగుండు, ఈ ఆటో ఎక్కి పోతె ఎంత మంచిగుండు, గా బుద్ధి నాకు అప్పుడు రాలే.

ఆటో కదిలింది. ఎవరి మోకాలో నా డొక్కల గుచ్చుకుంటుంది. అవుతల ట్యాంకర్లు వరుసకట్టి నిలబడ్డయి, వాటి ఎన్క పొద్దుగూకుతున్నది, చెరువు మీద నురుగ తెల్లగ, దూదిలెక్క. ఉల్లిగడ్డలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది.

ఇంట్రవెల్ అయినంక పురుగు వచ్చింది. ఎర్ర టోపోడు లోపటికి పోయిండు. పొడుగోడు తలుపు కాడ నిలబడి ఉన్నడు. లోపట మంట, అది తలుపు దాటితె ఓడ మొత్తం పోతది, అవుతలి అర్రల పిల్లలు, ఆడోళ్లు ఉన్నరు. వాడు లోపటికి సూసిండు, ఎన్కకు సూసిండు, మల్ల లోపటికి సూసిండు. చక్రం పట్టి తిప్పిండు. ఎర్రగ కాలుతున్నది ఆ చక్రం, సేతులు అతుక్కుపోతున్నా వాడు ఇడువలే, బిగియ్యంగ బిగియ్యంగ తిప్పిండు. లోపటి నుంచి కొడుతున్న సప్పుడు. వాడు నుదురు తలుపుకు ఆనిచ్చి నిలబడ్డడు. సప్పుడు ఆగిందాక. అటెన్క రెండు సేతులు మొకం ముందట పెట్టుకొని సూసుకున్నడు, రెండు అరచేతుల్ల అడ్డంగ ఒకటే గీత, కాలిన గీత.

ఆ గీత నాకెరక.

మా యాదగిరి అరచేతుల ఆ గీతకు నేను వెన్నపూస రాసిన, ఆముదం రాసిన, నెలలు రాసిన. ఇద్దరు పిలగాండ్లకు ఒక్క కంపెనీలనే దొరికింది పని, మందుల కంపెనీ, దాని పేరు నేను తీయ, ఒక్కటే షిఫ్టు, ఒక్కటే బస్సు. దుమ్ముల పనిసేసేటోళ్లకు గొంతు సాఫుగుంటదని బెల్లం ముక్కలు ఇస్తుండె ఆ కంపెనీల. ఒక దినం కంపెనీల ఏదో పేలి భూమి అదిరినట్టయింది, నేను పొయ్యి కాడ ఉన్న, సైరను ఆగకుంట మోగుతున్నది, కుళ్లిన ఎల్లిగడ్డ వాసన, బస్తి ఆడోళ్లందరం గేటు కాడికి ఉరికినం, వదినె కాలి చెప్పు ఏడనో పడిపోయింది, ఒక కాలు ఉత్తకాలుతోనే ఉరికింది. యాదగిరి బయటికొచ్చిండు. సూరి రాలే. సేతులకు ఏమైందిరా అంటె "డ్రమ్ము పట్టుకున్న" అన్నడు. గంతే. అటెన్క బస్తి మొత్తం ఒకటే మాట, కంపెనీల ఇనుప తలుపు మూతపడ్డది గాబట్టి మంట ట్యాంకుల దాక రాలే, వస్తె మనం ఎవ్వరం మిగలకపోదుము, పిల్లా జెల్లా, బర్రె గొడ్డు, ఎవ్వరం. తలుపు దానంతల అదే మూతపడ్డదని కంపెనీ సార్లు అన్నరు. ఎవడో పుణ్యాత్ముడు ఏసిండని జనం అన్నరు. వదినె ఏమనలే. వెంకటేశ్వరరావు సారు ఆ దిగులుతోనే రెండేండ్లల్ల మంచం పట్టి పోయిండు. ఆమె మా పక్క పోర్షన్ల అట్లనే ఉన్నది, నేను కిరాయి అడగలే, ఆమె ఇయ్యకుంట ఉండలే.

డ్రమ్ము వెడల్పుగ ఉంటది, చక్రంలెక్క సన్నటి కడ్డీ కాదు. డ్రమ్మును పట్టుకుంటె గీత అట్ల పడదు. ఈ మాట నాకు ఇయ్యాల దాక ఎందుకు తోచలే? తోచిందేమో. తోచినదాన్నే వెన్నపూస కింద దాసిపెట్టిన్నేమో.

వాడు ఆ దినం సంది ఆమెకు కొడుకులెక్కనే చేస్తున్నడు. మంచినీళ్ల ట్యాంకరొస్తె ముందు ఆమె బిందెలు నింపుతడు, అటెన్కనే మనయి. సిలిండరు తెస్తడు, దవాఖానకు తీసుకపోతడు, వానకాలంల పైకప్పు రేకులు సదురుతడు. కాని ఆమె ఇంట్ల గుక్కెడు నీళ్లు తాగడు. "కూర్చో నాయనా" అంటె "పనుంది అత్తమ్మా" అంటడు. బెల్లం ముట్టడు. వాని పెండ్లిల బూరెలు ఏసినం, పెండ్లాం నోట్లె పెట్టబోతె మొకం తిప్పిండు, అందరు నవ్విన్రు, సిగ్గుపడుతున్నడని. నేను కూడ నవ్విన.

ఇప్పుడు పోయి ఏం సెప్పాలె. లోపటోడే ఏసుకున్నడు అని సెప్తె? సూరి అన్నట్టే అయితది, ఆమెకు నిమ్మళమైతది. కాని పోరగాండ్లు ఊరంత ఈ సినిమా సూస్తున్నరు, రేపు సత్తెమ్మనో ఇంకెవరో వచ్చి కథ సెప్పరా, అప్పుడు ఆమె నా దిక్కు సూస్తె నా మొకం ఏడ పెట్టుకోవాలె. సోపతిగాడే ఏసిండు, ఏడ్సుకుంట ఏసిండు అని సెప్తె? ఆమె సినిమా గురించి అడగలే, నేను సినిమా గురించి సెప్పినట్టు కాదు. మనసుబట్టలే, సగంల లేసొచ్చిన అంటనా, తలుపు సినిమాల సగంల లేసొచ్చిన అంటె వదినె నమ్ముతదా, పిడుగు పడ్డా నేను సీటు ఇడువనని ఆమెకెరక. నా కొడుకు. నా కొడుకే గదా ఆమె కొడుకు మీద తలుపు... వానికి ఏం తోచిందో ఆ ఘడియ, ఒక దిక్కు సూరి, ఒక దిక్కు నేను, ఆమె, బస్తి. వాడు ఎన్కకు సూసినప్పుడు ఎవరు కనపడ్డరు వానికి. నేనే కనపడ్డనా. నేను బతికున్నది గందుకేనా. "అమ్మా, బొల్లారం అడ్డ, దిగు దిగు" అంటున్నడు డ్రైవరు, అప్పుడే వచ్చిందా, ఇంత జల్దీ ఎట్లొచ్చింది.

వదినె ఇంటి తలుపు బార్ల తీసి ఉన్నది. నేను గల్మల కాలు పెట్టిన్నో లేదో యాదగిరి కనపడ్డడు, వంటింట్ల కొత్త సిలిండరు పెట్టి రెగ్యులేటరు బిగిస్తున్నడు, వాని ఈపు మా దిక్కున్నది. వదినె మంచం మీద కాళ్లు సాపి కూసున్నది, నూనె గిన్నె పక్కన.

"వచ్చావా వదినా! నీకోసమే చూస్తున్నా. చెప్పు, తలుపు ఎవరు వేశారు?"

వంటింట్ల ఇనుము సప్పుడు ఆగింది. యాదగిరి సెయ్యి రెగ్యులేటరు మీద అట్లనే ఉన్నది, తిప్పుతలేడు, తీస్తలేడు. నేను "వదినె" అన్న. నేను వాని దిక్కు సూడొద్దనుకున్న, సూసిన. నేను సూసుడు ఆమె సూసింది. ఆమె నా మొకం సూసింది, వాని ఈపు సూసింది, శానసేపు వాని ఈపే సూసింది, సిన్న పిల్లల ఈపుకు నలుగు పెట్టేటప్పుడు సూస్తరు సూడు, అట్ల.

"ఇంట్రవెల్ దాకా చెప్పు వదినా, చాలు" అన్నది.

"అటెన్కది?"

"తర్వాతది నాకు తెలుసులే." నూనె గిన్నె పక్కకు జరిపింది. "ఎప్పట్నుంచో తెలుసు. యాదగిరీ, ఆ గ్యాసు రేపు బిగించొచ్చు, ఇట్లా వచ్చి కూర్చో. మీ అమ్మ కథ చెబుతుంది. కుండలో మంచినీళ్లు ఉన్నాయి, ముంచుకుని తాగు."

వాడు రాలే. ఆమె మల్ల పిలువలే. జెర సేపటికి కుండ మీద మూత తీసిన సప్పుడు ఇనపడ్డది, అటెన్క గ్లాసు ముంచిన సప్పుడు. తాగిండు. గుటక గుటక నాకు ఇనపడ్డది. వచ్చి గోడకు ఆనుకొని కూసున్నడు, పాత తీరుగనే, సేతులు మోకాళ్ల సందుల పెట్టుకున్నడు.

నేను మొదలువెట్టిన. ఆకాశంల ఓడ పోతుంటది అన్న, పురుగు గిరుగు ఇంకా ఏం లేదు అన్న, అందరు బల్ల సుట్టు కూసోని తింటున్నరు, ఎర్ర టోపోడు ఒకడు, కొంటె పిలగాడు, పక్కన కూసున్న పొడుగోని పళ్లెంల నుంచి దొంగలిచ్చి తింటడు అన్న.

"సూరి గట్లనే చేస్తుండె" అన్నడు యాదగిరి. ఇన్నేండ్లల్ల వాని నోటి నుంచి ఆ పేరు వచ్చుడు అదే మొదలు.

వదినె ముందటికి ఒంగింది. "ఏం తీసుకునేవాడు?"

"నా బెల్లం. ఆనిది ఆడు దాసుకొని నాది తింటుండె. అడిగితె, మా అమ్మ పులుసులోకి పట్టుకెళ్లాలిరా అంటుండె."

వదినె నోటికి సెయ్యి అడ్డం పెట్టుకున్నది, నవ్వుతున్నదో ఏందో, భుజాలు ఊగుతున్నయి. "దొంగ వెధవ, ఒక్కరోజైనా తెచ్చిచ్చాడా! బస్సులోనే తినేసేవాడన్నమాట! ఇంకా, ఇంకా ఏం చేసేవాడు?" అని వాన్నడుగుతుంది, "నువ్వు ఆగకు, చెప్పు వదినా, పళ్లెంలో ఏముంది, ఆ పొడుగువాడు ఏమన్నాడు" అని నన్నడుగుతుంది. ఓడల ఏం తిండి, ఏదో పొట్లాలల్ల తిండి, నేను అన్నం అని సెప్పిన, పప్పు అని సెప్పిన, మామిడికాయ తొక్కు కూడ పెట్టిన, సినిమాల లేని ముచ్చట్లు తెచ్చి ఆ బల్ల మీద పెడుతున్న, ఒక్కొక్కరు మల్ల మల్ల ఏసుకొని తింటున్నరు, టోపి కొట్టుడు అయింది, మల్ల గుంజుకునుడు అయింది. తలుపు ఇంకా శాన దూరమున్నది, నేను దాని దిక్కు పోతలేను.